చౌకవెల లెన్సుల గుణదోష విచారణము

మన యిండ్లలో ఫోటోలు తీయు పని యిపుడు పురుషులకే విడువబడుట లేదు. బారసాలకును, అన్నప్రాశనకును, సీమంతమునకును కెమేరా పట్టుకొని నిలిచెడి స్త్రీలను ప్రతి యూరను చూచుచున్నాము. వీరిలో కొందఱు వినోదార్థమును, కొందఱు సంసారమునకు నాలుగు రూకలు గడించుటకును ఈ విద్య నభ్యసించుచున్నారు. ఎట్లో కెమేరా కొనగలిగినను, దానికి బిగించు లెన్సు కొనవలసివచ్చునప్పటికి వెలలు చూచి వెనుకాడుచున్నారు. కెమేరా చేసినవారి లెన్సే కొందమన్న పెక్కుమాఱులు కెమేరా కంటె దాని వెలయే హెచ్చు. ఇతరులు చేసినది కొందమన్న, చౌక సరకు గదా, మోసపోదుమేమో యను భయము. ఈ భయము బొత్తిగ నిరాధారమును కాదు, పూర్తిగ న్యాయమును కాదు. కావున నిట్టి లెన్సుల మంచిచెడ్డలను ఇంటనే, ఇంటి వస్తువులతోనే యెట్లు నిర్ణయించుకొనవచ్చునో వ్రాయ నుద్యమించితిమి.

ఇతరులనగా నెవరో ముందు చెప్పవలెను. ఒక కంపెనీ కెమేరా ముఖమునకు మఱియొక కంపెనీ లెన్సు సాధారణముగ బిగియదు. ఈ ముఖమును వ్యాపారులు మౌంటు అందురు. కెనాన్, నికాన్, సోనీ మున్నగువారి మౌంటులు వేఱు వేఱు. తమవి కాని కెమేరాల మౌంటులకు సరిపోవునట్లు లెన్సులు చేసి యమ్మువారే యిక్కడ ఇతరులు. ఈ వృత్తి నిన్నమొన్నటిది కాదు. జపానులోని టామ్రాన్ సంస్థ 1950లోను, సిగ్మా సంస్థ 1961లోను పుట్టినవి. కొరియాలోని సామ్యాంగ్ 1972లో మొదలయ్యెను. ఇటీవల చీనాదేశమున షెన్‌జెన్ మొదలగు చోట్లనుండి యోంగ్నువో, విల్ట్రాక్స్, సెవెన్ ఆర్టిజన్స్ వంటి పేర్లు బజారునకు వచ్చినవి. మఱియొక వింత: సామ్యాంగ్ వారి లెన్సే అమెరికాలో రోకినాన్ అను పేరుతో నమ్ముడుపోవుచున్నది. గాజు ఒక్కటే, పేర్లు రెండు. పేరు చూచి వెల కట్టువారు ఈ సంగతి గమనింపవలెను.

ఇవి యింత చౌకగా నెట్లు వచ్చుచున్నవి? కొంత కారణము ప్రాతవిద్య. 50 మిల్లీమీటర్ల సాధారణ లెన్సును తీసికొందము. 1896లో జర్మనీలోని జైస్ సంస్థయందు పాల్ రుడాల్ఫ్ అను నాతడు ఆఱు గాజుబిళ్లలతో ఒక యమరికను కనిపెట్టెను. నేటి 50 మి.మీ. లెన్సులు చాలవఱకు దాని సంతతివే. మూలరచన తాతలనాటిదగుటచే దానిని మరల కనిపెట్టు వ్యయము లేదు. కెనాన్ వారు 1990లో తెచ్చిన చౌక 50 మి.మీ. లెన్సును పోలిన దానినే యోంగ్నువోవారు 2014 ప్రాంతమున నింకను తక్కువ వెలకు తెచ్చిరి. కొన్ని చౌక లెన్సులలో ఫోకసు త్రిప్పు మోటారే యుండదు; చేతితో త్రిప్పుకొనవలెను. అక్కడను కొంత సొమ్ము మిగులును.

కాని యింతకంటె ముఖ్యమైన కారణ మొకటి కలదని మా యభిప్రాయము. అది పరీక్ష. లెన్సులోని బిళ్లలన్నియు ఒకే అక్షముపై, ఒకదాని వెనుక నొకటి, వెండ్రుకవాసి తేడా లేక నిలువవలెను. అట్లు నిలిచినవో లేవో చూచుటకు యంత్రము కావలెను, మనిషి కావలెను, కాలము కావలెను. 2012లో సిగ్మావారు తమ క్రొత్త శ్రేణిలోని ప్రతి లెన్సును అయిజులోని కర్మాగారమున ఏ-1 యను యంత్రముతో కొలిచి పంపుదుమని ప్రకటించిరి. అట్టి పరీక్షకు వ్యయమున్నది. ఆ వ్యయము వెలలో చేరును. చౌకగా నమ్మదలచినవాడు గాజును తగ్గించుటకంటె పరీక్షను తగ్గించుట సులువు. పరీక్షకుని జీతము మనకు వెలలో మిగిలినది గనుక పరీక్షకుని పనియు మనపై బడినది. ఇది యెఱిగి కొన్నవారికి చౌక లెన్సు నిజముగ చౌక. ఎఱుగనివారికి కాదు.

వెల హెచ్చయినంత మాత్రమున పరీక్ష మానవచ్చునని యనుకొనరాదు. అమెరికాలో లెన్సుల నద్దెకిచ్చు సంస్థను స్థాపించిన రోజర్ సికాలా యను వైద్యుడు ఒకే పేరుగల లెన్సులను పెక్కింటిని యంత్రములపై నుంచి కొలిచి, ఏ రెండును అచ్చముగ నొక్కతీరున నుండవని చూపెను. గొప్ప కంపెనీల లెన్సులకును ఈ భేదము తప్పలేదు. కాబట్టి ఫలాని లెన్సు మంచిదని పదిమంది చెప్పినను, వారు చెప్పినది ఆ రచనను గూర్చియే కాని మన చేతికి వచ్చిన దానిని గూర్చి కాదు. కంపెనీవారు ప్రకటించు వక్రరేఖల పటములును చాలవఱకు గణితముచే సాధించినవే. వానిని చూచి కొనుట జాతకము చూచి వంట రుచి చెప్పుటవంటిది.

ఇక దోషములు. ఇక్కడ మన యాలంకారికులు చేసిన యొక విభాగము మిక్కిలి యుపకరించును. కావ్యదోషములలో కొన్ని నిత్యములు, కొన్ని యనిత్యములు అని వారు చెప్పిరి. వ్యాకరణభంగము ఎక్కడనైనను దోషమే. చెవికి గఱుకైన శబ్దము మాత్రము శృంగారమున దోషము, రౌద్రమున దోషము కాదు సరిగదా యొకప్పుడు శోభయే. ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకమున ఈ యనిత్యతను ప్రస్తావించియున్నాడు. లెన్సును చేతబట్టినపుడు మేము మొదట వేసికొను ప్రశ్న యిదియే: కనబడిన దోషము నిత్యమా, అనిత్యమా? చాలమంది అనిత్యదోషములను చూచి మంచి లెన్సును త్రిప్పి పంపుచున్నారు. నిత్యదోషములను చూడక చెడ్డదానిని ఇంట నుంచుకొనుచున్నారు.

అనిత్యదోషముల సంగతి త్వరగా చెప్పివేయుదుము. లెన్సు ద్వారమును పూర్తిగ తెఱచినపుడు పటముయొక్క నాలుగు మూలలు కొంత చీకటి పడును. ఎఫ్ 1.8 అన్నప్పుడు అంకె చిన్నది, ద్వారము పెద్దది. దానిని ఎఫ్ 4 వఱకు మూసినచో ఆ చీకటి చాలవఱకు పోవును. తలుపు ద్వారబంధము వంటి సరళరేఖలు పటమున అంచులయొద్ద కొంచెము వంగి కనబడవచ్చును. ఎండలో స్టీలు పాత్ర యంచునను, ఆకాశమునకు అడ్డుగా నిలిచిన కొబ్బరాకు చివరలను ఊదారంగు గీత తోచవచ్చును. మావారు బడిపిల్లలకు చూపు భూతద్దములో వస్తువుల యంచులకు రంగులు కనబడునే, ఇదియు నట్టిదే. వీనిలో చాలవఱకు పిమ్మట కంప్యూటరులో దిద్దవచ్చును. ఇక్కడ ఒక న్యాయము పాటింపవలెను. కెమేరా చేసినవారి లెన్సుకును ఈ దోషములుండును. కాని వారి కెమేరా తన లెన్సును గుర్తించి, పటము మనకు చూపకమునుపే దిద్దివేయును. ఇతరుల లెన్సునకు ఆ సేవ యన్నివేళల దొరకదు. ముస్తాబు చేసిన పిల్లను, చేయని పిల్లను ప్రక్కప్రక్కన నిలిపి అందము పోల్చుట ధర్మము కాదు గదా!

మృదుత్వము, అనగా పటము కత్తివాదరవలె స్ఫుటముగ నుండకపోవుట, అన్నిటికంటె పెద్దదోషమని కొందఱు తలచుచున్నారు. కలకత్తాలో 1815లో పుట్టిన జూలియా మార్గరెట్ కామెరాన్ అను నాంగ్లవనిత కథ ఇచ్చట స్మరింపదగినది. ఆమెకు 48 ఏండ్ల వయసున, 1863లో, కూతురును అల్లుడును ఒక కెమేరాను బహూకరించిరి. ఆమె మొదటి లెన్సు పెట్జ్‌వాల్ అను గణితశాస్త్రజ్ఞుడు 1840లో రచించిన తీరుది. దానికి నడుమ స్ఫుటత్వము, అంచుల మెత్తదనము. ఆమె తీసిన ముఖచిత్రములను నాటి విమర్శకులు మసకలని నిందించిరి. ఈనాడు వానిని మ్యూజియములలో భద్రపఱచుచున్నారు. బిడ్డ ముఖమునకు ఆ మెత్తదనము శోభ. పట్టుచీర నేతను అమ్మకమునకై చూపు పటమునకు అదే దోషము. మనము దేనికొఱకు కొనుచున్నామో తెలియనిదే ఈ విషయమున తీర్పు చెప్పరాదు.

నిత్యదోషములలో మొదటిది బిళ్ల అక్షము తప్పుట. ఒక బిళ్ల వాలినను, ప్రక్కకు జరిగినను, పటములో ఒక ప్రక్క స్ఫుటముగను, రెండవ ప్రక్క అలుకుకొనిపోయినట్లును ఉండును. దీనిని కంప్యూటరు దిద్దలేదు. ఇది యే రసమునకును శోభ కాదు.

మా వీధిలోని యొక యమ్మాయి, తండ్రిలేని పిల్ల, ట్యూషనులు చెప్పి కూడబెట్టిన సొమ్ముతో ఒక చౌక లెన్సు కొని, ఇరుగుపొరుగుల శుభకార్యములకు ఫోటోలు తీయ మొదలిడెను. ఒక్కొక్కరిని తీసిన పటములు చక్కగ వచ్చినవి; లెన్సు బాగున్నదని అందఱు ననుకొనిరి. రెండు నెలలకు ఒక సీమంతమున ముత్తైదువల నందఱను వరుసగా నిలిపి తీసెను. కుడివైపువారి ముక్కుపుడకల రాళ్లు లెక్కపెట్టవచ్చును. ఎడమవైపువారి ముఖములు గుర్తింపరాకున్నవి. ఆ యెడమ చివర నిలిచినది గర్భవతియొక్క అమ్మమ్మ, దూరపుటూరినుండి ఆ దినమునకై వచ్చిన వృద్ధురాలు. ఆమె యంతకుమున్ను ఫోటోకు నిలుచుటకే యొప్పుకొనెడిది కాదట. ఆ యింటివారు పిల్లకు సొమ్మీయకపోగా నాలుగు మాటలనిరి. అమ్మినవానిని అడుగగా, "త్రిప్పి పంపు గడువు దాటిపోయినదమ్మా" యనెను. దోషము మొదటిదినమునుండియు నున్నదే. నడుమ నొక్క ముఖము నుంచి తీసినంతకాలము అది బయటపడు నవకాశము లేకపోయెను.

ఈ పరీక్షకు కావలసినవి ఒక గోడ, ఒక చిన్న అద్దము, నాలుగైదు వార్తాపత్రిక ముక్కలు. వెలుతురు బాగుగ నున్న పగటిపూట, చదునైన గోడపై కెమేరా యెత్తున అద్దమును గోడకు అంటియుండునట్లు ఆనించవలెను. సుమారు 2 మీటర్ల దూరమున స్టాండుపైననో, పీటపై పేర్చిన పుస్తకములపైననో కెమేరా నుంచి, అద్దములో లెన్సుయొక్క ప్రతిబింబము సరిగా పటము నట్టనడుమ కనబడువఱకు సర్దవలెను. అట్లు కనబడినచో కెమేరా గోడకు నిటారుగ చూచుచున్నదని యర్థము. పిదప కెమేరాను కదలింపక అద్దము తీసివేసి, పటముయొక్క నాలుగు మూలలకును నడుమకును వచ్చునట్లు సన్నని యక్షరములున్న పత్రికముక్కలను గోడకు అంటింపవలెను. లెన్సు ద్వారమును పూర్తిగ తెఱచి, నడిమి ముక్కపై ఫోకసు చేసి, చేయి తగులకుండ టైమరుతో తీయవలెను. ఇట్లే ఎఫ్ 2.8, 5.6, 8 అంకెలకును.

ఇపుడు మూలలను పెద్దవి చేసి చూడుడు. నాలుగు మూలలును సమముగ మెత్తబడియుండి, ద్వారము మూసినకొలది సమముగ తేఱుచుండినచో అది యా రచనయొక్క స్వభావము. దానికి చింతింప నక్కఱలేదు. ఒక్క మూలయో, ఒక్క ప్రక్కయో మాత్రమే చెడి, దాని కెదురుమూల బాగున్నచో అనుమానింపవలెను. అనుమానము తీర్చుకొనుటకు కెమేరాను తలక్రిందులుగ నిలిపి, అద్దముతో మరల సర్దుకొని, ఇంకొక పటము తీయవలెను. చెడినచోటు గోడమీద మునుపటి స్థలముననే యున్నచో తప్పు మన యమరికది, లేదా గోడది. చెడినచోటు లెన్సుతోబాటు తిరిగి గోడమీద ఎదురుమూలకు పోయినచో తప్పు గోడది కాదు. ఇంకొక లెన్సు అందుబాటులో నున్నచో దానితోను ఒక పటము తీసి, కెమేరా నిర్దోషియని తేల్చుకొని మఱి యమ్మినవానిని అడుగవలెను. ఎఫ్ 8 వఱకు మూసినను ఆ ప్రక్క తేఱకున్నచో మాత్రము మొగమాటము వలదు, త్రిప్పి పంపవలసినదే.

రెండవ నిత్యదోషము ఫోకసు నిలుకడ లేకుండుట. మోటారుగల లెన్సులకు దీనిని తప్పక చూడవలెను. ఒక పుస్తకమును ఏటవాలుగ నిలిపి, నడిమి పంక్తిపై గుఱిపెట్టి తీయవలెను. ప్రతిమాఱును మొదట దూరవస్తువుపై ఫోకసు చేసి మరల పుస్తకమునకు త్రిప్పుచు, పదిమాఱులు తీసినచో ఎన్నిమాఱులు గుఱిపెట్టిన పంక్తియే స్పష్టముగ వచ్చినదో లెక్కకు వచ్చును. అద్దమున్న ప్రాతరకపు కెమేరాలలో ఫోకసును చూచు కన్ను వేఱు, పటము పడు ఫలకము వేఱు. కావున ఎప్పుడును ఒకేదూరము ముందునకో వెనుకకో తప్పుట కలదు. ఆ తప్పును కొన్ని కెమేరాలలో సవరించుకొనవచ్చును. నేటి అద్దములేని కెమేరాలు పటము పడు ఫలకముతోనే చూచును గనుక ఆ బాధ చాల తక్కువ. ఒకమాఱు ముందునకు, ఒకమాఱు వెనుకకు తప్పుచున్న లెన్సునకు మాత్రము మందు లేదు. చేతితో త్రిప్పు లెన్సులకు ఈ చిక్కే లేదు. వంటయింట స్థిరముగ నుంచిన వస్తువులను తీయువారికి అవి పెన్నిధి. పరుగెత్తు పిల్లలను తీయువారికి అవి శిక్ష.

మోటారు మాట వచ్చినది గనుక ఇంకొకటి. ఇతరుల లెన్సులు పెక్కు కెమేరాతో మాటలాడు భాషను నిర్మాతలు చెప్పగా నేర్చుకొన్నవి కావు, విని పట్టుకొన్నవి. కెమేరావారు ఆ భాషను మార్చినచో లెన్సు మూగవోవును. అందుచే లెన్సులోని ఆదేశములను క్రొత్తవి చేసికొను వీలు ఉన్నదో లేదో కొనకముందే తెలిసికొనవలెను. విల్ట్రాక్స్ వారి లెన్సులు పెక్కింటికి దానికై వెనుక నొక రంధ్రమున్నది. సోనీవారు తమ ఇ మౌంటు ప్రాథమిక వివరములను 2011లోనే యితర నిర్మాతలకు తెలిపిరి. కెనాన్‌వారు 2018లో తెచ్చిన ఆర్.ఎఫ్. మౌంటునకు ఇతరుల మోటారు లెన్సులు చాలకాలము అరుదుగ నుండెను. 2024లో సిగ్మా, టామ్రాన్ సంస్థలు అనుమతితో కొన్నింటిని ప్రకటించినవి. కెమేరా కొనునపుడే ఈ సంగతి విచారించినవారికి పిమ్మట చౌక లెన్సులు హెచ్చుగ దొరకును.

దీపముతో చేయు పరీక్ష యొకటి యున్నది. గాజు తనపై పడిన వెలుతురులో నూటికి నాలుగు పాళ్లు ప్రతితలమునను వెనుకకు కొట్టివేయును. పది తలములున్న లెన్సులో దాదాపు మూడవవంతు వెలుతురు ఇట్లు దారి తప్పి, కొంత లోలోపల తిరుగాడి, పటముపై పాలపొరవలె పఱచుకొనును. 1935లో జైస్ సంస్థలోని స్మకూలా యను శాస్త్రజ్ఞుడు గాజుపై పలుచని పూత పూసి దీనిని తగ్గించు మార్గము కనుగొనెను. లెన్సును దీపము క్రింద త్రిప్పి చూచినపుడు లోపలి ప్రతిబింబములు ఊదా, ఆకుపచ్చ, తేనెరంగులలో మందముగ కనబడినచో పూత యున్నది. తెల్లగ, మిలమిలలాడుచు కనబడినచో ఆ తలమున పూత లేదు. పిదప చీకటిగదిలో పటము చట్టమునకు కొంచెము వెలుపల దీపముంచి, నల్లని వస్త్రమును తీసి చూడవలెను. నలుపు బూడిదరంగుగ మాఱినచో ఆ లెన్సును ఎండకు ఎదురుగ వాడరాదు. ఈ దోషము సగము నిత్యము, సగము అనిత్యము. లెన్సు ముందు తొడుగు వేసి, నీడలో వాడుకొనువారికి బాధ లేదు.

శరీరము ప్లాస్టిక్కయినంతమాత్రమున నిందింప నక్కఱలేదు. తేలికగ నుండుటయు గుణమే. ఫోకసు కడియము ఒకచోట వదులుగ, ఒకచోట బిగువుగ నున్నచో, ద్వారపు ఱెక్కలపై నూనె మెఱసినచో, కెమేరాకు బిగించిన పిమ్మట లొడలొడలాడినచో మాత్రము వలదు. లోపల ఒకటి రెండు ధూళికణములు కనబడినను పటమున కనబడవు. వానికై రాద్ధాంతము చేయరాదు.

చీరను వెలుతురున కెత్తి నేత చూచి, కుండను మీటి నాదము విని కొనెడు మనకు ఈ పరీక్షలు కష్టములు కావు. ఒక్క పగలు చాలును. ఆ పగలు లెన్సు వచ్చిన వారములోనే కావలెను. త్రిప్పి పంపు గడువు ఎన్ని దినములో కొనకముందే యడిగి, రసీదును, పెట్టెను, లోపలి అట్టముక్కలను గూడ భద్రపఱచవలెను. బిల్లు లేకుండ నింకను నూఱు తగ్గింతుమనువారికి నమస్కరించి వచ్చుటయే మేలు.

వాడిన లెన్సులు కొనువారు వెనుకనుండి టార్చిలైటు వేసి లోపల చూడవలెను. సాలెగూటి పోగులవలె, చెట్టువేళ్లవలె తెల్లని గీతలు కనబడినచో అది బూజు. ఎంత చౌకయైనను ముట్టరాదు. విశాఖపట్టణము, బందరు వంటి సముద్రతీరపుటూళ్లలో, తేమ యెక్కువగుటచే, బూజుభయము హెచ్చు. లెన్సును తోలుసంచిలో మూసి బీరువాలో పెట్టుట మంచిది కాదు. తోలు చెమ్మను పట్టియుంచును. మూత బిగువుగ పట్టు ప్లాస్టిక్కు డబ్బాలో సిలికాజెల్ గుళికల పొట్లముతో నుంచవలెను. రంగు మాఱు రకపు గుళికలు కొన్నచో, అవి చెమ్మ పీల్చినట్లు కంటికే తెలియును. అపుడు వానిని వెచ్చచేసి ఆఱబెట్టి మరల వాడుకొనవచ్చును. వానకాలమున పదిదినముల కొకమాఱు డబ్బా తెఱచి చూచుచుండవలెను.